కొండమీది పధ్నాలుగు ఊళ్ళు

(చంద్రపూరు తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం ఇప్పుడే ముగిసినది. ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని శాస్త్రులవారు లెక్క చెప్పారు. మనకు దక్షిణాన, కొండమీద, పధ్నాలుగు ఊళ్ళున్నవి. ఏ రాశిలో పుట్టినా ఆ ఊరివారికి రాజపూజ్యం రెండింతలు, ఎందుకంటే వారికి ప్రభుత్వాలు రెండు. అవమానం సంగతి తరువాత మనవి చేస్తాను. ఆ ఊళ్ళ భూగోళం, పరిపాలన చరిత్ర నాకు తెలిసినంతవరకు చెప్పవలెనని వచ్చాను. పచ్చడి తిన్న నోటితో భూగోళ పాఠం వినడం కష్టమే. ఐనా మనలో చాలామంది ఇంటి కథ ఇందులో కొంత కలిసి ఉన్నది కాబట్టి ఓపిక పట్టవలెనని ప్రార్థన.

మన ఊరినుండి బల్లార్‌పూర్ మీదుగా వార్ధా నది దాటితే రాజురా. అక్కడనుండి గడ్‌చాందూర్. అంతవరకు నేల చదునే. ఆ నేల అడుగున సున్నపురాయి ఉన్నది. సిమెంటు కార్ఖానాలు అక్కడ వెలసినది అందుకే. గడ్‌చాందూర్ దాటగానే బస్సు మూలుగుతూ కనుమ ఎక్కుతుంది. పైన మాణిక్‌గఢ్ కొండలు, పాత కోట, టేకు అడవి, ఆ వెనుక జివతి. ఎక్కిన తరువాత శిఖరమంటూ కనబడదు, బల్లపరుపుగా విశాలమైన పీఠభూమి. పైపొర నల్లరాయి, ఆ రాయి అరిగి అయిన నల్లరేగడిలో పత్తి, జొన్న, కంది పండుతాయి. నేల మంచిదే. నీరే కరవు. వాన నీరు కొండకు ఉత్తరపు వాలున దిగితే పెనుగంగ, వార్ధా నదులలో పడుతుంది. దక్షిణపు వాలున దిగితే వాగులగుండా పెద్దవాగు చేరుతుంది. ఆషాఢంలో ఊరి నిండా పారిన నీరు వైశాఖానికి కడివెడు దొరకదు. ఐతే ఒక మాట. వార్ధా పోయి వైనగంగతో కలిసి ప్రాణహిత అవుతుంది. పెద్దవాగు పోయి ఆ ప్రాణహితలోనే కలుస్తుంది. కొండమీద విడిపోయిన నీరు కింద ఒక్కటే అవుతున్నది. మనుషుల కాగితాల విషయంలో ఇంకా అట్లా జరగలేదు.

ఈ పీఠభూమి దక్షిణపు అంచున ఉన్నవి నేను చెప్పిన ఊళ్ళు: పరందోళి, కోట, ముకదంగూడ, శంకర్‌లొద్ది, లెండిజాల, మహరాజ్‌గూడ, అంతాపూర్, భోలాపటార్ మొదలైనవి. పేర్లు వింటేనే తెలుస్తున్నది: కొన్ని గూడేలు, కొన్ని తండాలు, 'పటార్' అంటే మరాఠీలో పీఠభూమి. మహారాష్ట్ర లెక్కలో ఇవి చంద్రపూరు జిల్లా జివతి తాలూకా. తెలంగాణ లెక్కలో కొమురం భీం ఆసిఫాబాదు జిల్లా కెరమెరి మండలం. రెండు లెక్కలూ ఒకే ఇండ్లకు.

మొదటినుండి ఉన్నవారు గోండులు, కొలాములు. వారికి ఈ కొండలు ఒక దేశం. ఇందులో గీత లేదు. పుష్యమాసంలో కోట పరందోళి దగ్గరి జంగుబాయి గుహకు రెండు రాష్ట్రాలనుండి గోండు కుటుంబాలు నడిచి వస్తాయి. తరువాత వచ్చినవారు మరాఠ్వాడా రైతులు, కూలీలు, బంజారాలు. 1972 నాటి కరవు మహారాష్ట్రను ఎంతగా పీడించిందో పెద్దలకు జ్ఞాపకం ఉంటుంది. అప్పుడు నాందేడు, పర్భణీ వైపునుండి బండ్లు కట్టుకొని, పశువులను తోలుకొని వచ్చి, ఇక్కడి అడవి అంచున నేల చదును చేసికొన్నారు. కనుక ఆ ఊళ్ళలో గోండి, కొలామీ, మరాఠీ, బంజారా మాటలు, వాటి నడుమ మన తెలుగు, అన్నీ వినవచ్చును. అంగడికి పోయే మనిషి మూడు భాషలలో బేరమాడగలడు. చదువుకున్న మనకు అది చేత కాదు!

ఇక చరిత్ర. చాందాను గోండు రాజులు ఏలారు. 1751లో అది నాగపూరు భోంసలేల చేతికి, 1854లో ఆంగ్లేయుల చేతికి పోయినది. వార్ధాకు ఇవతలి ఒడ్డు ఆంగ్లేయులది, అవతలి ఒడ్డు నిజాముది. రాజురా అవతలి ఒడ్డున ఉన్నది కాబట్టి నిజాము రాజ్యంలో ఆదిలాబాదు జిల్లాలో చేరినది. నిజాము అధికారులు కొండ అడవులను రిజర్వు చేసి, పోడు కొట్టుకొనే గోండులనుండి నేలను తప్పించారు. ఆ బాధనుండి వచ్చినదే కొమురం భీం తిరుగుబాటు. అతడు 1940లో నేలకొరిగిన జోడేఘాట్ ఈ కెరమెరి మండలంలోనే ఉన్నది, మనం చెప్పుకొంటున్న ఊళ్ళకు దూరం కాదు. ఆ తరువాత హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడు మార్లవాయిలో ఉండి గోండుల స్థితిగతులు పరిశీలించి నిజాము ప్రభుత్వానికి తెలియజేశాడు. 1356 ఫసలీ, అనగా 1946లో, గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక రెగ్యులేషను వచ్చినది. పట్టా అనే కాగితం విలువ ఆ కొండలలో అప్పటినుండి బాగా తెలిసినది.

1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసినది. 1956లో భాషా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు హైదరాబాదు రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేశారు. ఆదిలాబాదు జిల్లానుండి రాజురా తాలూకా, కిన్వట్ తాలూకా, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిలు బొంబాయి రాష్ట్రానికి పోయినవి. నాందేడు జిల్లానుండి ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశానికి వచ్చినవి. రాజురాను ముందు నాందేడు జిల్లాలో కలిపారు, 1959లో చాందా జిల్లాకు ఇచ్చారు, 1960 మేలో మహారాష్ట్ర అవతరించినది. రాజురాలో 1940 ప్రాంతాన పుట్టిన మనిషిని తలచుకొనండి. ఇల్లు కదలకుండా, పొలం కదలకుండా, అతడు ఇరువది ఏండ్లు నిండేలోపల మూడు జిల్లాలు, మూడు రాష్ట్రాలు చూశాడు. ఆ పైన చాందా చంద్రపూరు అయినది!

ఇటువంటిది మరొకటి సిరొంచ. అది ఎగువ గోదావరి జిల్లాలో ఉండేది. ఆ జిల్లాను 1874లో రద్దుచేసి సిరొంచను చాందాలో కలిపారు. 1907లో అందులోని చెర్ల, ఆల్బాక, నూగూరు భాగాలను మద్రాసు రాష్ట్రానికి ఇచ్చారు. 1982లో గడ్చిరోలి జిల్లా విడిపోయినప్పుడు సిరొంచ దానితోపాటు పోయినది. సిరొంచలోని తెలుగువాడు ఎవరి దేశంలోనికి వలస వచ్చాడు? మనలో కొందరి తాతలు 1929లో కాజీపేట-బల్లార్షా రైలు మార్గం పూర్తి అయిన తరువాత బొగ్గు గనులలో, కాగితపు మిల్లులో పనికి కరీంనగరం, ఆదిలాబాదు వైపునుండి వచ్చారు. వారిని వలసవారు అనవచ్చును. రాజురా, సిరొంచల తెలుగువారి విషయంలో వలస వచ్చినది సరిహద్దే. ఈ రెండు తెగలూ మన సంఘంలో ఒకే బంతిలో కూర్చుని భోజనం చేస్తున్నవి గనుక ఈ భేదం ఒకసారి చెప్పి ఉంచుతున్నాను.

పధ్నాలుగు ఊళ్ళ చిక్కు ఈ 1956 పంపకంలోనే పుట్టినది. తాలూకాను తాలూకాగా తీసి ఇచ్చారు. తాలూకా అంచు కొండమీద, అడవిలో ఉన్నది. ఆంధ్ర-మద్రాసు సరిహద్దు వివాదంలో పటాస్కర్‌గారు గ్రామాన్ని ప్రమాణంగా తీసికొని, భాష, భౌగోళిక సాన్నిధ్యం చూచి తీర్పు చెప్పారు. దాని ప్రకారం 1960 ఏప్రిలులో ఊరూరుగా మార్పులు జరిగినవి. ఊరు ప్రమాణమైతే ఊరి పొలిమేర నడిచి చూడక తప్పదు. తాలూకా ప్రమాణమైతే పటం చాలును. పటంమీద పెన్సిలుతో గీసిన గీత వెడల్పు నేలమీద కొన్ని ఫర్లాంగులు ఉంటుంది. ఆ వెడల్పులో కొన్ని ఊళ్ళు ఇమిడిపోతాయి. ఇది నా అభిప్రాయం; భూగోళం తెలిసినవారు కాదనరనుకొంటాను.

తరువాత జరిగినది మీకు పత్రికలవల్ల తెలిసినదే. రెండు రాష్ట్రాలూ ఆ ఊళ్ళు తమవే అన్నవి. రెండూ బడులు పెట్టినవి, రేషను కార్డులు ఇచ్చినవి, ఓటర్ల జాబితాలు వేసినవి. వివాదం కోర్టులకెక్కి, 1997లో తనకు అనుకూలంగా ముగిసినదని మహారాష్ట్ర చెప్పుచున్నది. తీర్పు ఎట్లా ఉన్నా ఊళ్ళలో రెండు పాలనలూ సాగినవి. ఒక వీధిలో మరాఠీ బడి, మరొక వీధిలో తెలుగు బడి. ఒకే ఊరికి అటొక సర్పంచి, ఇటొక సర్పంచి. 2024 లోక్‌సభ ఎన్నికలలో చంద్రపూరు నియోజకవర్గానికి ఏప్రిలు 19న, ఆదిలాబాదుకు మే 13న పోలింగు జరిగినది. రెండు తేదీలు వేరు కాబట్టి రెండు జాబితాలలో పేరు ఉన్నవాడు రెండుసార్లు వేలు చాచవచ్చును. పట్నంవారు దీనిని విడ్డూరంగా రాస్తారు, రెండు రేషనులు తింటున్నారని నవ్వుతారు. నవ్వేముందు ఒక సంగతి విచారించవలెను. రెండు కార్డులున్న ఆ మనిషిని 'నీ పొలం పట్టా చూపించు' అనండి. అటు పట్టాదారు పాసుపుస్తకం, ఇటు సాత్‌బారా ఉతారా, ఏదీ చూపలేనివారే ఎక్కువ. నేను మొదట చెప్పిన అవమానం అది. బియ్యం ఇవ్వడానికి రెండు ప్రభుత్వాలున్నవి. నేల ఎవరిదని వ్రాసి ఇవ్వడానికి ఒక్కటీ ముందుకు రాలేదు.

ఇక్కడ కొంచెం దూరం పోయి జపాను దేశం సంగతి చెప్పవలెను. కొండ గ్రామాలను ఏ జిల్లాలో చేర్చవలె, ఎన్ని ఊళ్ళను కలిపి ఒక పాలనగా చేయవలె అన్న ప్రశ్న ఆ దేశంలో నూట ఏబది ఏండ్లుగా నలుగుతున్నది. అక్కడ నేల చాలాభాగం కొండలే కదా. 1888లో 71,314 ఊళ్ళుండేవి. మూడువందలనుండి ఐదువందల ఇండ్లకు ఒక గ్రామ పాలన ఉంటే ఒక ప్రాథమిక పాఠశాల నడుపుకోగలదని లెక్కవేసి, మరుసటి ఏటికి వాటిని 15,859 చేశారు. 1953నుండి మళ్ళీ కలిపారు. ఈసారి లెక్క మాధ్యమిక పాఠశాలది, సుమారు ఎనిమిది వేలమందికి ఒకటి. 1961కి 3,472 మిగిలినవి. 1999 తరువాత మూడో విడత. 2010 నాటికి సుమారు 1,730. పేర్లు పోయినవి, కచేరీలు కిందికి దిగినవి, కొండమీది ముసలివారు ఒక కాగితంకోసం లోయలోనికి దిగవలసి వచ్చినది. కలపడం అంతా మేలే అని నేననను. ఐనా ఎందుకు కలుపుచున్నారో చెప్పి, బడిని కొలబద్దగా పెట్టుకొన్నారు. మన వద్ద గీత గీసినప్పుడు బడి సంగతి ఎవరికి తోచినది?

అక్కడ కితాయామా అని ఒక కొండ గ్రామం ఉన్నది. నాలుగువందలమంది జనాభా. చుట్టూ మియె, నారా అనే రెండు పెద్ద జిల్లాలు. ఊరు మాత్రం ఆ రెంటికీ చెందక, ఎక్కడా తాకని వాకాయామా జిల్లాలోనిది. ఊరంతా అట్లా వేరే జిల్లాల నడుమ ద్వీపంలాగా ఉండడం ఆ దేశంలో మరెక్కడా లేదు. కారణం నది. ఆ ఊరివారు దేవదారు జాతి దుంగలను తెప్పలుగా కట్టి నదిలో షింగు పట్టణానికి తోలేవారు. వారి జీవనం ఆ పట్టణంతో ముడిపడినది. 1871లో పాత సంస్థానాలు తీసివేసి జిల్లాలు ఏర్పరచినప్పుడు షింగు వాకాయామాలో చేరినది. మేమూ షింగుతోనే ఉంటామన్నారు ఊరివారు. ప్రభుత్వం సరేనన్నది. పటంమీద అది వికారంగా కనబడుతుంది. ఐతే ఆ ఊరివారి కాగితాలు అన్నీ ఒకచోటనే ఉన్నవి, పొలం ఎవరిదో తెలుసు, బిడ్డ ఏ బడికి పోవలెనో తెలుసు. పటం అందంకంటె అది మేలు కాదా?

ఆ పక్కనే నారా జిల్లాలో తొత్సుకావా. 1889లో వరదవచ్చి కొండచరియలు విరిగిపడి ఆ ఊరు పాడైతే, సుమారు 2,500మంది ఉత్తరాన హొక్కైడో ద్వీపానికి తరలిపోయి, కొత్త నేలకు షిన్-తొత్సుకావా, అనగా కొత్త తొత్సుకావా, అని పేరు పెట్టుకొన్నారు. వలసపోయినా పేరును వెంట తీసికొని పోయారు. ఈ ఊరి తెలుగు సభలో ఈ ముక్క చెప్పకుండా దాటలేకపోయాను.

తిరిగి మన కొండకు వద్దాము. 2025 జూలైలో మహారాష్ట్ర ప్రభుత్వం ఈ పధ్నాలుగు ఊళ్ళను పూర్తిగా తనలో చేర్చుకొనే పని మొదలుపెట్టినట్లు ప్రకటించినది. చిక్కు ఇన్నాళ్ళకు తీరుచున్నది కదా అని మనం సంతోషించవచ్చును. నాకు భయమున్నది, అదేమిటో చెప్పుతాను.

ఒకే తండాలోని బంజారా కుటుంబం తీసికొనండి. తెలంగాణ వైపు లంబాడీలు షెడ్యూల్డు తెగ. 1976 సవరణ చట్టంవల్ల అట్లా అయినారు. మహారాష్ట్రలో బంజారాలు షెడ్యూల్డు తెగలో లేరు, విముక్త జాతుల జాబితాలో ఉన్నారు. (వసంతరావు నాయక్ వంటి బంజారా నాయకుడు 1963నుండి 1975వరకు ముఖ్యమంత్రిగా ఉన్న రాష్ట్రమే అది.) కాబట్టి కొడుకు ఉద్యోగానికి దరఖాస్తు పెడితే గీతకు ఏ పక్కనున్నాడన్నదానినిబట్టి అతని జాతి మారుతుంది. అది ఒక ఎత్తు. రెండోది నేల. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగవాడు 2005 డిసెంబరు 13కు ముందునుండి అడవి భూమి సాగుచేసికొంటున్నట్లు చూపితే హక్కు అడగవచ్చును. తెగలో లేనివాడు ఆ తేదీకి మూడు తరాలుగా, అనగా డెబ్బది ఐదేండ్లుగా, అక్కడనే ఉన్నట్లు చూపవలెను. 1972 కరవులో వచ్చిన కుటుంబం 1930 నాటి సాక్ష్యం ఎక్కడనుండి తెస్తుంది? తెలంగాణ ప్రభుత్వం 2023 జూన్ 30న పోడు పట్టాల పంపిణీని ఆసిఫాబాదులోనే ప్రారంభించినది. కొండ దిగువ తండాలోని బంధువు పట్టా పట్టుకొని ఉంటే, కొండపైని మనిషి తన అన్నదమ్ముల కాగితం చూచి నిట్టూర్చవలసి వస్తుంది. గోండులకు, కొలాములకు ఈ బాధ లేదు. వారు రెండు వైపులా తెగలే. ఐతే వారి పిల్లలలో తెలుగు బడిలో ఐదో తరగతి చదువుతున్నవారు రేపు మరాఠీ బడిలో ఏ తరగతిలో కూర్చుంటారో ఎవరో ఒకరు ముందు చెప్పవలెను.

కనుక ఊళ్ళను ఎటు చేర్చినా సరే, చేర్చే ఉత్తరువులోనే మూడు సంగతులు వ్రాయించవలెనని నా అభిప్రాయం: ఇదివరకు ఇచ్చిన కుల ధ్రువపత్రాలు ఏమవుతవి, సాగులో ఉన్న నేల ఎవరి పేర నమోదవుతుంది, తెలుగు బడి పిల్లల చదువు ఎట్లా సాగుతుంది. ఉత్తరువు వెలువడిన తరువాత అడిగితే 'అది పాత రాష్ట్రం సంగతి' అంటారు. రాజురావారు ఆ మాట 1956నుండి విన్నారు.

మన సంఘం చేయగల పని కొంత ఉన్నది. ఆ ఊళ్ళు ఇటువా అటువా అన్న తగవులో మనం తలదూర్చనక్కరలేదు. సరిహద్దుకంటె పాతవైన కాగితాలున్నవి. హైదరాబాదు రాష్ట్రం చెక్కుచెదరకముందు, 1954-55లో వ్రాసిన ఖాస్రా పహాణీ, అంతకుముందరి సేత్వార్. ఊరు తరువాత ఏ రాష్ట్రంలో పడినా ఆ పుస్తకంలో నేల ఎవరి సాగులో ఉన్నదో వ్రాసి ఉంటుంది. గోండు, కొలాము కుటుంబాలకు అది చాలా అక్కరకు వస్తుంది. అప్పటికి పుట్టని తండాలకు రాదు. వాటిని ఆ రికార్డు భాషలో 'బిలాదాఖలా' అంటారు, అనగా దాఖలా లేని ఊరు. అటువంటివారికి మొదటి రేషను కార్డు, మొదటి ఓటర్ల జాబితా, బడిలో పిల్లవాని చేరిక తేదీ, ఇవే దాఖలాలు. అవి ఏ రాష్ట్రం ఇచ్చినవైనా పారవేయకుండా దాచుకొమ్మని చెప్పవలెను. కార్డు రద్దు అవుతుందని విని పొయ్యిలో పెట్టేవారుంటారు.

పాత పుస్తకాలలో ఉర్దూ మాటలు, తెలుగు అంకెలు, మరాఠీ ఊరి పేర్లు కలిసి ఉంటాయి. ఆ మూడూ చదవగల పెద్దలు ఈ సభలో నాకు కనబడుచున్నారు. రెవెన్యూలో, గనుల ఆఫీసులలో పనిచేసి విశ్రాంతి తీసికొంటున్నవారు. వారిలో నలుగురైదుగురు నెలకొక దినం జివతి అంగడినాడు కొండ ఎక్కి, ఒక చెట్టుకింద కూర్చుని, వచ్చినవారి కాగితాలు చదివి, దేనికి నకలు తీసికోవలెనో, ఏ కచేరీలో దరఖాస్తు పెట్టవలెనో తెలియజెప్పితే చాలును. కార్యదర్శిగారు బల్లమీద ఒక నోటుబుక్కు పెట్టారు. వెళ్ళే ముందు దానిలో పేర్లు వ్రాసి వెళ్ళవలసినదిగా మనవి.